ఈటింగ్ డిజార్డర్స్ మీద కౌన్సెలర్ల ట్రైనింగ్ చేశా, 65 వేలు పెట్టొచ్చా లేదా

చాలా రోజుల్నుంచి రాద్దామనుకుంటూ బద్ధకించా. మా ఫీల్డ్ ఫ్రెండ్స్ ముగ్గురు నలుగురు "ఆ కోర్సు ఎలా ఉందే, మేమూ కట్టొచ్చా" అని అడుగుతుంటే అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టలేక ఒకేసారి రాసేస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది, టీ పెట్టుకుని కూర్చోండి.

నా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నా రేటింగ్ మీకు అర్థం కాదు. విజయవాడ వైపు ఒక ఇంటర్ కాలేజీలో కౌన్సెలర్‌ని, హాస్టల్ పిల్లలే ఎక్కువ, సాయంత్రాలు బయట చిన్న రూమ్ అద్దెకి తీసుకుని సొంతంగా చూస్తా. నా ఎమ్మెస్సీలో ఈటింగ్ డిజార్డర్స్ (తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బులు) అంటే ఒక చాప్టర్‌లో సగం, పరీక్షకి షార్ట్ నోట్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. "మన దగ్గర ఇవి ఉండవమ్మా, మనవాళ్ళ సమస్య తిండి దొరక్కపోవడం" అని నవ్వేసి పేజీ తిప్పేశారు మా సార్. నేనూ అదే నమ్మి పదేళ్ళు బతికేశా.

కోర్సు లండన్ వైపు ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది. పేరు రాయను, ఎందుకంటే కింద తిట్టేది కూడా ఉంది. ఆన్‌లైన్ లైవ్, 6 వారాలు, శని ఆదివారాలు రోజుకి 3 గంటలు. ఫీజు పౌండ్లలో కట్టాలి, బ్యాంకువాడి కోతలు అన్నీ కలిపి నాకు 65 వేల చిల్లర అయ్యింది. మా ఆయన "దీంతో ఫ్రిజ్ వచ్చేది" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.

మొదటి రోజే నాకు తగిలింది దెబ్బ. ట్రైనర్ ఒకావిడ, సైకాలజిస్టు, క్లయింట్ రూమ్‌లోకి రాగానే మీరు వాడే మొదటి మాట రాయండి అంది. బ్రిటన్ వాళ్ళంతా వాతావరణం గురించో ట్రాఫిక్ గురించో రాశారు. నేను రాసింది "తిన్నావా అమ్మా?" అని. మనకి అది హలో కదా! ఫోన్ ఎత్తినా అదే, ఇంటికెవరన్నా వచ్చినా అదే, గొడవపడి మూడ్రోజుల తర్వాత మాట కలపాలన్నా అదే. నేను రాసింది చదివి ఆవిడ తప్పనలేదు, "దానికి వాళ్ళు ఏం జవాబు చెప్తారు" అని మాత్రం అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. సెకండ్ ఇయర్ బైపీసీ పిల్ల ఒకత్తి (వివరాలు మార్చా, అడక్కండి) దాదాపు 5 నెలలు ప్రతి వారం నా దగ్గరికి నిద్ర పట్టట్లేదు, చదువు ఎక్కట్లేదు అని వచ్చేది. ప్రతిసారీ నేను "తిన్నావా", తను "ఆ తిన్నా మేడమ్". మూడో క్లాసు అటెండెన్స్ లాగా. ఆ పిల్ల 5 నెలలూ నాకు అబద్ధం చెప్పింది, చెప్పించింది నేనే. కాదు అని చెప్పే సందు నేను ఉంచలేదు.

ఆ ఒక్క గంటకే నా డబ్బులు సగం వచ్చేశాయి అనుకున్నా. మిగతా సగం వచ్చాయా అంటే... చెప్తా.

సిలబస్‌లో బాగున్నవి ముందు. చరిత్ర భాగం తొందరగా అవగొట్టారు, మంచిపని చేశారు. 1873లో విలియం గల్ అనే లండన్ డాక్టరు తిండి బాగా తగ్గించేసి ఎండిపోయే జబ్బుకి అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టడం, 1979లో జెరాల్డ్ రస్సెల్ బులీమియాని (ఆపుకోలేక తినేసి, వాంతి లాంటి వాటితో దాన్ని వదిలించుకోవాలని చూడటం) విడిగా గుర్తించడం, 2013లో డీఎస్ఎమ్-5 (మానసిక జబ్బుల్ని ఎలా గుర్తించాలో అమెరికా సైకియాట్రిస్టులు రాసిన పుస్తకం) వచ్చాక బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కి, అంటే ఆపుకోలేక తినేసే జబ్బుకి, సొంత సీటు దొరకడం. నాకు పనికొచ్చింది ఏంటంటే ఆ 2013లోనే అనొరెక్సియాకి "నెలసరి ఆగిపోవాలి" అనే షరతు తీసేశారు. నా పాత నోట్స్‌లో అది అండర్‌లైన్ చేసి ఉంది! అంటే నేను ఇన్నాళ్ళు పీరియడ్స్ వస్తున్నాయి కదా అని వదిలేసినవాళ్ళు ఎంతమందో. ఇంకోటి, ఈ జబ్బులున్న వాళ్ళలో ఎక్కువమంది బక్కగా ఉండరు. మామూలు బరువో, లావుగానో ఉంటారు. మన దగ్గర అలాంటి పిల్ల సన్నబడితే జబ్బు అని ఎవరూ అనరు, "అబ్బ ఎంత బాగా తగ్గావే, ఏం తింటున్నావ్ చెప్పు" అని డైట్ అడుగుతారు. కొన్నేళ్ళ కింద కొబ్బరినూనె డైట్ ఊపు ఊపినప్పుడు మా వీధిలో సగం మంది అన్నం మానేశారు, ఎవరూ ఎవరినీ అనుమానించలేదు.

రెండో వారం మిన్నెసోటా ప్రయోగం మీద పూర్తి సెషన్. 1944 నవంబర్ నుంచి ఏడాది పైన నడిచింది, ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళని తీసుకుని 24 వారాలు సగం తిండితో ఉంచాడు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోడానికి అది. ఆ మగాళ్ళకి ముందెప్పుడూ వంట మీద ఆసక్తి లేదు. ఆకలి ముదిరేకొద్దీ వంటల పుస్తకాలు పోగేయడం, ప్లేట్లు నాకడం, చిన్న భోజనాన్ని గంటలు గంటలు సాగదీయడం, నలుగురిలో కలవకపోవడం, చిరాకు, దిగులు. ఇది వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే మా హాస్టల్లో అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని యూట్యూబ్‌లో గంటలకొద్దీ వంట వీడియోలు చూసే పిల్లల గురించి వార్డెన్ కంప్లైంట్ చేస్తే నేను "పాపం ఇంటి తిండి మీద బెంగ" అని తీర్పు చెప్పేశా. కొందరికి బెంగే అయ్యుండొచ్చు. కొందరికి ఆకలి. చదువు ఎక్కట్లేదు, నిద్ర పట్టట్లేదు అన్న పిల్ల మెదడు కూడా ఆకలితో ఉందని, ముందు తిండి సర్దుకోకుండా నేను ఎన్ని రిలాక్సేషన్ టెక్నిక్‌లు నేర్పినా గాలిలో దీపమే అని అప్పటికి బుర్రకెక్కింది.

దీనికి తోకగా రీఫీడింగ్ గురించి చెప్పారు, ఇది ప్రతి కౌన్సెలరూ రెండుసార్లు వినాలి. బాగా ఎండిపోయిన మనిషికి ఒక్కసారిగా దండిగా పెడితే ఒంట్లో ఇన్సులిన్ లేచి, రక్తంలో ఉన్న ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి, రక్తంలో పడిపోతాయి, గుండె మీదికి రావచ్చు. నేను ఎన్నిసార్లు అన్నానో తెలుసా "ఇంటికి తీసుకెళ్ళి నాలుగు రోజులు కడుపునిండా పెట్టండమ్మా, అదే సర్దుకుంటుంది" అని. బాగా బరువు పడిపోయినవాళ్ళని ముందు డాక్టర్‌కి చూపించి, రక్తపరీక్షలు చేయించి, తర్వాతే తిండి పెంచే సంగతి అని ఇప్పుడు నా టేబుల్ మీద రాసి పెట్టుకున్నా. వాంతులు చేసుకునేవాళ్ళకీ అంతే, పొటాషియం పరీక్ష, ఈసీజీ చేయించాలి. పైగా రక్తపరీక్ష నార్మల్ అని వచ్చినా ప్రమాదం లేదని కాదు అని ట్రైనర్ కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. ఇక్కడ ఒక క్లినిక్‌కి ఒకమ్మాయిని పంపితే రిపోర్టు చూసి "అన్నీ బానే ఉన్నాయి, బాగా తిను, ఫోన్ తగ్గించు" అని పంపించేశారు. కోర్సులో డాక్టర్‌కి రాయాల్సిన రిఫరల్ లెటర్ నమూనా ఇచ్చారు, ఏ పరీక్షలు కోరుతున్నామో ఎందుకో వివరంగా. అది పట్టుకుని రెండోసారి వేరే డాక్టర్ దగ్గరికి పంపితే పని జరిగింది. ఆ ఒక్క పేజీ నాకు బంగారం.

ఇంక ఫుడ్ డైరీ హోంవర్క్. క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ వాళ్ళ సీబీటీ-ఈ (ఈ జబ్బులకి ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) పద్ధతిలో క్లయింట్ తిన్న వెంటనే రాసుకోవాలి. టైమ్, ఏం తిన్నావ్, ఎక్కడ, ఎక్కువైంది అనిపిస్తే పక్కన ఒక చుక్క గుర్తు, వాంతి చేసుకుంటే ఇంకో గుర్తు, చివర్లో అప్పుడు మనసులో ఏముంది. క్యాలరీలు రాయకూడదు. ఇది క్లయింట్లకి ఇచ్చేముందు మీరు ఒక వారం చేయండి అన్నారు. నేను చాలా తేలిగ్గా తీసుకున్నా, నాకేముంది అని. వారం తర్వాత చూస్తే "ఎక్కడ" అనే కాలమ్‌లో 7 రోజుల్లో 11 సార్లు "వంటింట్లో, నిలబడి" అని ఉంది. పిల్లాడు వదిలేసిన అట్టు ముక్క, గిన్నెలో అడుగున మిగిలిన పప్పు, పారేస్తే పాపం కదా అని. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తిన్నది 5 సార్లు, అందులో రెండు ఆదివారం. చివరి కాలమ్‌లో ఒకచోట "ఎవరూ చూడట్లేదు" అని రాసి ఉంది, నేనే రాశా, ఎప్పుడు రాశానో గుర్తు లేదు. బ్రేక్‌అవుట్ రూమ్‌లో ఇది చదవాల్సి వచ్చినప్పుడు గొంతు పట్టేసింది. అవతల ఉన్నావిడ లీడ్స్ నుంచి, ఆవిడ డైరీలో సగం కారులో తిన్నవే. ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత నవ్వలేదు.

సరే, తిట్టే భాగానికి వద్దాం.

ఈ కోర్సు మొత్తంలో ఒక నమ్మకం ఉంది, ఎక్కడా పైకి చెప్పరు గానీ ప్రతి స్లైడ్‌లో ఉంటుంది. ప్లేటు క్లయింట్‌ది. ఏం కొనాలి, ఏం వండాలి, ఎంత పెట్టుకోవాలి, ఎప్పుడు తినాలి అన్నీ క్లయింట్ చేతిలో ఉంటాయి, కౌన్సెలర్ పని ఆ చెయ్యి వణక్కుండా చూడటం. మన దగ్గర ప్లేటు ఎవరిది? ఇంట్లో అయితే అమ్మ పెడుద్ది, పెళ్ళైతే అత్తగారు చూస్తూ ఉంటారు, హాస్టల్లో మెస్ వాడు గరిటెతో కొడతాడు, పేరంటానికి వెళ్తే వద్దన్నా విస్తట్లో పడుతుంది. "3 గంటలకోసారి కొంచెం కొంచెం తినే రొటీన్ పెట్టండి" అని సీబీటీ-ఈలో మొదటి మెట్టు, చాలా మంచి మెట్టు, కానీ ఉదయం 6కి స్టడీ అవర్, 8కి టిఫిన్, మధ్యాహ్నం 1కి భోజనం, మళ్ళీ రాత్రి 8 దాకా మెస్ తాళం, రూమ్‌లో బిస్కెట్ ప్యాకెట్ దొరికితే ఫైన్. అక్కడ నేను ఎవరికి రొటీన్ పెట్టాలి, పిల్లకా మెస్‌కా? ఇదే అడిగా. ట్రైనర్ కాసేపు ఆలోచించి "మెస్‌తో మొదలుపెట్టు" అంది. నిజాయితీగా చెప్పింది, కానీ ఎలా అన్నది సిలబస్‌లో లేదు.

దక్షిణాసియా క్లయింట్ల మీద ఒకే ఒక్క స్లైడ్. అందులో పెద్ద కుటుంబాలు, పెళ్ళి ఒత్తిడి, రంగు మీద పట్టింపు అని మూడు ముక్కలు. ఉపవాసం గురించి ఒక్క ముక్క లేదు! మా దగ్గర ఒకమ్మాయి సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకి ఒక్కపొద్దు. వారానికి నాలుగు రోజులు. ఇంట్లో వాళ్ళు "మా బంగారం ఎంత భక్తి" అని మురిసిపోతున్నారు. దాన్ని నేను జబ్బు అంటే దేవుడి మీదికి వెళ్ళినట్టు అవుతుంది, అనకపోతే పిల్ల కరిగిపోతోంది. క్లాసులో ఉన్న ఒక ముస్లిం అమ్మాయి, బర్మింగ్‌హామ్, రంజాన్‌లో తన క్లయింట్లతో ఎలా మాట్లాడుతుందో చెప్పింది, ఒంట్లో బాలేనివాళ్ళకి మినహాయింపు ఉందని మత పెద్దతోనే చెప్పిస్తుందట. ఆ ఐడియా పట్టుకుని నేను మా ఒక్కపొద్దుల అమ్మాయి వాళ్ళ అమ్మమ్మతో మాట్లాడా, ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది, "నీరసంగా ఉన్న పిల్ల ఉపవాసం ఉండటమేంటే, పాలు పళ్ళు తీసుకోమను, దేవుడేం అనుకోడు" అని. అంటే నాకు జవాబు దొరికింది స్లైడ్‌లో కాదు, తోటి స్టూడెంట్ దగ్గర. లైవ్ కోర్సుకీ రికార్డింగ్ కోర్సుకీ తేడా ఇదే, ఎవరైనా రికార్డెడ్ వెర్షన్ తీసుకుంటే సగం ధరకి వస్తుంది గానీ ఈ సగం ఉండదు.

ఇంకో లోటు స్కాఫ్ అనే 5 ప్రశ్నల చిట్టా. 1999లో వచ్చింది, రెండు ఔను వస్తే జాగ్రత్తగా చూడాలని లెక్క. మంచి పనిముట్టే. కానీ తెలుగులోకి పెట్టబోతే నవ్వాలో ఏడవాలో. మొదటి ప్రశ్న కడుపు మరీ నిండిపోయిందని కావాలని వాంతి చేసుకుంటావా అని, బ్రిటన్ ఇంగ్లీషులో వాంతికి జబ్బుకి ఒకే మాట వాడతారు కదా, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్‌కి ఇస్తే "నిన్ను నువ్వు అనారోగ్యానికి గురిచేసుకుంటావా" అని వచ్చింది. ఆ లెక్కన మా కాలేజీలో లెక్చరర్లతో సహా అందరూ ఔను అనాలి. మూడోది 3 నెలల్లో ఒక స్టోన్ తగ్గావా అని, స్టోన్ అంటే ఆరు కిలోల పైచిలుకు. నాలుగోది అందరూ సన్నగా ఉన్నావంటున్నా నువ్వు లావు అనుకుంటావా అని. ఇక్కడే అసలు చిక్కు. మా పిల్లల్లో చాలామంది లావు భయం అనే మాటే ఎత్తరు. "కడుపు ఉబ్బరం మేడమ్", "తింటే గుండెల మీద పెట్టినట్టు ఉంటది", "ఆకలే వెయ్యదు". హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్ట్ 1990ల్లోనే రాశాడట, అక్కడి పేషెంట్లు చాలామంది లావు భయం లేకుండానే అనొరెక్సియాతో వచ్చారని, కడుపు ఉబ్బరమే చెప్పేవాళ్ళని. ఇది కోర్సులో ఒక అదనపు రీడింగ్‌గా ఇచ్చారు, క్లాసులో మాట్లాడలేదు. నాకైతే ఆసియా నుంచి చేరేవాళ్ళకి ఇదే మొదటి క్లాసు అవ్వాలి. ఫిజీ స్టడీకి మాత్రం అరగంట ఇచ్చారు. ఫిజీ అంటే మనకి చెరకు తోటలకి వెళ్ళిన కూలీలు గుర్తొస్తారు గానీ ఇది అక్కడి స్థానిక ఆడపిల్లల మీద. ఒక జిల్లాకి 1995లో టీవీ వచ్చింది, అప్పుడు బరువు కోసం వాంతి చేసుకున్నామన్న వాళ్ళు సున్నా, 1998లో 11.3 శాతం. ఆన్ బెకర్ అనే ఆవిడ చేసింది. టీవీకే అలా ఉంటే మన పిల్లల చేతిలో ఉన్న రీల్స్ సంగతి వేరే చెప్పాలా.

మగపిల్లల మీద ఒక గంట ఉంది, సరిపోలేదు. మన హీరోలకి సిక్స్ ప్యాక్‌లు వచ్చాక జిమ్‌లో చేరి అన్నం మానేసి గుడ్డు తెల్లసొన, వే ప్రోటీన్ పౌడర్ మీద బతికే పిల్లలు నా దగ్గరే నలుగురున్నారు, వాళ్ళని ఎవరూ కౌన్సెలింగ్‌కి పంపరు, "మావాడు హెల్త్ బాగా చూసుకుంటాడు" అంటారు. బరువు తగ్గే ఇంజెక్షన్ల మీద ఒక అరగంట బాగుంది, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దగ్గరికి వచ్చాక పెళ్ళి కుదిరిన అమ్మాయిలు నన్నే అడుగుతున్నారు వాడొచ్చా అని. నేను చెప్పకూడదు, డాక్టర్ చెప్పాలి, కానీ వాంతులు చేసుకునే అలవాటు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి దాచొద్దని చెప్పడం నా పని అని క్లియర్‌గా వచ్చింది.

ఫ్యామిలీ థెరపీ భాగానికి మాత్రం పూర్తి మార్కులు. లండన్‌లో మాడ్స్లీ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి. టీనేజ్ పిల్లలకి అనొరెక్సియా వస్తే కొన్నాళ్ళు తిండి బాధ్యత మొత్తం తల్లిదండ్రుల చేతిలో పెడతారు. రెండో సెషన్‌కి ఇంటిల్లిపాదీ భోజనం కట్టుకుని థెరపిస్ట్ రూమ్‌కే రావాలి, అక్కడే తినాలి, పిల్ల అనుకున్నదానికంటే ఇంకొక్క ముద్ద తినేలా అమ్మానాన్నే చూడాలి. అది వినగానే నేను కెమెరా ఆన్‌లో ఉందని మర్చిపోయి గట్టిగా నవ్వా. ఇంకో ముద్ద! మనకి నేర్పాలా అది? చందమామని చూపించి గోరుముద్దలు పెట్టిన జాతి మనది. కానీ ట్రైనర్ వెంటనే పట్టుకుంది, "మీ దగ్గర ఆ ముద్దతో పాటు ఇంకేం పెడతారు" అని. ఏం పెడతాం... "ఎవరి కోసం కష్టపడుతున్నాం మేం", "మీ అక్క చూడు ఎలా తింటదో", "ఇలా అయితే నిన్నెవడు చేసుకుంటాడు". ఈ పద్ధతిలో అమ్మానాన్నల్ని నిందించరు, పిల్లని నిందించరు, జబ్బు ఎందుకొచ్చిందో తవ్వరు, ముద్ద ఒక్కటే, మాటలు ఉండవు. రోల్ ప్లేలో నేను తల్లి వేషం వేశా. ఒక్క దెప్పిపొడుపు లేకుండా "ఇది తిను, నేను పక్కనే కూర్చుంటా" అని మూడుసార్లు అనడం ఎంత కష్టమో చేస్తే గానీ తెలియదు, నాకు చెమటలు పట్టాయి.

నిజం కేసులో ఏమైందంటే, ఆ బైపీసీ పిల్ల వాళ్ళ అమ్మ వచ్చారు, గుంటూరు పక్క పల్లె, కారియర్‌లో పప్పుచారు, బంగాళాదుంప వేపుడు తెచ్చుకుని మరీ. నా రూమ్‌లోనే కింద చాప వేసుకున్నాం. పిల్ల అన్నంలో చారు పోసుకుని, ఇంకా పోసుకుని, ప్లేటంతా పరిచి కలుపుతూనే ఉంది. ఇంగ్లీష్ మాన్యువల్‌లో ఫోర్కుతో చిన్న చిన్న ముక్కలు కోయడం అని రాసి ఉంటుంది, మనకి అది ఇలా ఉంటుందన్నమాట. చారు పోస్తే ప్లేటు నిండుగా కనపడుద్ది, మెతుకులు లెక్కకి తక్కువ. నమిలి పారేసిన మునక్కాయ తొక్కల కింద అన్నం దాయడం, వేపుడు నూనె ఓ పక్కకి ఒత్తేయడం, ఇవన్నీ ఆ గంటలో చూశా. వాళ్ళమ్మ కూడా చూశారు, బహుశా మొదటిసారి. "నా పెంపకంలోనే ఏదో తప్పు జరిగింది మేడం గారూ" అని కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఎవరి తప్పూ కాదమ్మా, జ్వరం వస్తే ఎవరి తప్పు అని అడుగుతామా, ముందు మందు వేస్తాం, దీనికి అన్నమే మందు అన్నా. అది కోర్సులో మాటే, నేను తెలుగులో చెప్పా అంతే. ఇంటికి తీసుకెళ్ళి మూడు నెలలు దగ్గరుండి పెట్టండి, డాక్టర్ చూపు ఉండాలి అంటే వాళ్ళ నాన్న ఫోన్‌లో ఒకటే మాట, "ఇంకో 40 రోజుల్లో ఎంసెట్ మేడం". 40 రోజులు! దీనికి లండన్ వాళ్ళ దగ్గర స్లైడ్ ఉండదు, ఉండాలని నేను అనుకోను కూడా. నాలుగు రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేశాక తీసుకెళ్ళారు. పిల్ల ఇప్పుడు పర్వాలేదు, ఇంకా దారిలోనే ఉంది.

సర్వీస్ గురించి. మెయిల్ పెడితే జవాబు రావడానికి నాలుగైదు రోజులు. రికార్డింగులు 30 రోజులే ఉంచుతారు, నాలాంటి ఉద్యోగస్తులకి అది అన్యాయం. పీడీఎఫ్‌లు ప్రింట్ తీయకుండా లాక్ వేశారు, నేను ఒక్కో పేజీ చేత్తో రాసుకున్నా, ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి. సూపర్‌విజన్ (మన కేసులు అనుభవమున్నవాళ్ళతో చర్చించడం) రెండే గ్రూప్ సెషన్లు, కనీసం ఆరుండాలి. కోలుకున్న ఒకావిడ వచ్చి మాట్లాడిన సెషన్ అన్నింటికంటే బాగుంది, కానీ 40 నిమిషాల్లో ఆపేశారు.

టైమింగ్ జాగ్రత్త. వాళ్ళకి ఉదయం 10 అంటే మనకి మధ్యాహ్నం 2:30, ఇది వాళ్ళ ఎండాకాలం లెక్క. అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు. నేను శనివారం 2:30కి కరెక్ట్‌గా చేరా, మర్నాడు ఆదివారం ఇంట్లో చుట్టాలు, బిరియాని మధ్యలో వదిలేసి చెయ్యి కడుక్కుని 2:30కి పరిగెత్తి కూర్చుంటే ఎవరూ లేరు, గంటసేపు ఖాళీ స్క్రీన్ చూశా. వాళ్ళు మెయిల్‌లో చెప్పారట, నేనే చదవలా. బిరియాని మాత్రం అయిపోయింది.

సర్టిఫికెట్ గురించి చాలామంది అడిగారు. ఇది లైసెన్స్ కాదు బాబూ. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి, ఈ కాగితం దానికి పనికిరాదు. గోడకి తగిలించుకోడానికి అయితే వద్దు. ఇప్పటికే క్లయింట్లని చూస్తున్నవాళ్ళకి, ముఖ్యంగా హాస్టళ్ళలో, డాన్స్ స్కూళ్ళలో, స్పోర్ట్స్ అకాడమీల్లో పనిచేసేవాళ్ళకి కట్టొచ్చు అంటా. కొత్తగా చదువు అయిపోయినవాళ్ళు ఆగండి, ఒక ఏడాది కేసులు చూశాక చేరితే ఎక్కువ దక్కుద్ది. డబ్బు ఇబ్బందైతే అప్పు చేసి మాత్రం వద్దు. ఇక మీకు మీరే తిండి విషయంలో ఇబ్బంది పడుతుంటే ఈ కోర్సుతో మొదలుపెట్టకండి, ముందు మీకోసం ఎవరినైనా కలవండి. ఎవరూ తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఏ టైమైనా.

కోర్సయ్యాక నేను చేసిన మొదటి పని నా రూమ్‌లో గోడకున్న బీఎంఐ చార్ట్ పీకేయడం. రెండోది మా కాలేజీ హెల్త్ క్యాంప్. ప్రతి ఏడాది గ్రౌండ్‌లో లైన్‌లో నిలబెట్టి బరువు చూసి, ఒకతను గట్టిగా పేరు, కిలోలు అరుస్తాడు, ఇంకొకతను రాసుకుంటాడు, వెనక లైన్‌లో వాళ్ళు నవ్వుతారు. ఆరేళ్ళుగా నేను ఆ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, ఒక్కసారి కూడా తప్పు అనిపించలేదు. ఈసారి కర్టెన్ కట్టించా, అంకె అరవకుండా చీటీ మీద రాయమన్నా. ప్రిన్సిపాల్ గారు "దీనికి కూడా ట్రైనింగ్ కావాలా అమ్మా" అన్నారు. కావాలనే అనిపించింది సార్ అన్నా.

నా రేటింగ్ 5కి 3.5. ఆ ఒక్క దక్షిణాసియా స్లైడ్ పది స్లైడ్లు అయ్యి, రికార్డింగులు ఏడాది ఉంచితే 4.5 ఇచ్చేదాన్ని.

ఒక సహాయం అడగాలి. ఫుడ్ డైరీ షీట్, హ్యాండౌట్లు తెలుగులో చేసుకుంటున్నా, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళని అడిగితే చేసుకోండి, మాకూ ఒక కాపీ పంపండి అన్నారు. బింజ్ అనే మాట దగ్గర నెల రోజులు ఆగిపోయా. "అతిగా తినడం" అంటే పెళ్ళిలో రెండు బూరెలు ఎక్కువ తిన్నదీ అదే అవుద్ది, ఆపలేకపోవడం అన్నది రాదు అందులో. చివరికి ఒక క్లయింటే చెప్పింది, "పూనకం వచ్చినట్టు తింటా మేడమ్, తర్వాత నేను కాదు అనిపిస్తది" అని. షీట్‌లో ఇప్పుడు అదే మాట పెట్టా. ఇంకోటి మాత్రం తేలట్లేదు. టిఫిన్, భోజనం, సాయంత్రం, రాత్రి అని కాలమ్‌లు గీశా, ప్రసాదం ఎందులో రాయించాలి? ఒకమ్మాయి గుడిలో ఇచ్చిన లడ్డూ వద్దనలేక చున్నీలో కట్టుకుని బయటికొచ్చి గంటసేపు దాన్ని పట్టుకుని అరుగు మీదే కూర్చుందట, తినలేక, పారేయలేక. దానికి విడిగా గడి గీయాలా, మామూలు తిండిలోనే కలిపేయాలా? మీలో ఎవరైనా ఇలాంటి షీట్ తెలుగులో చేసుంటే ఎలా పెట్టారో చెప్పండి.